పెరుగు గురిగి చెప్పిన లెక్క

మా ఊరు బళ్ళారి జిల్లాలో సిరుగుప్ప వైపు, హగరి ఏటికి దగ్గరగా ఉంది. ఈ ఏటినే వేదవతి అని కూడా అంటారు. వానలు కురిసినన్నాళ్ళే అందులో నీళ్ళు పారేవి. తక్కిన రోజుల్లో ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళను ముంతతో తోడుకొని బిందెలకు ఎత్తుకొనేవాళ్ళం. మా వీధిలో సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో కన్నడం మాట్లాడేవారు. మేము తోడు అనేదాన్ని పక్కింటి అక్క హెప్పు అనేది. మాట వేరైనా గిన్నె ఒకటే. ఆమె ఇంట్లో పెరుగు అయిపోతే మా ఇంటికి, మా ఇంట్లో అయిపోతే వాళ్ళింటికి ఆ గిన్నె తిరుగుతూ ఉండేది.

మా ఇంట్లో రాత్రిపూట పాలకు తోడు వేసే పని మా అవ్వది. నాకు తొమ్మిదో ఏడు వచ్చాక ఆ పని నాకు అప్పగించింది. కాచిన పాలు గోరువెచ్చగా అయ్యేవరకు ఆగాలి. చిటికెనవేలు ముంచితే సుర్రుమనకూడదు, చల్లగానూ ఉండకూడదు. అప్పుడు చిన్న చెంచాతో పెరుగు వేసి, బాగా కలిపి, గురిగి మీద మూత పెట్టి ఒక మూల ఉంచాలి. ఆ తరువాత దాన్ని కదిలించకూడదు.

మొదటి రోజు పెరుగు గట్టిగా రావాలని నేను రెండు పెద్ద గరిటెల తోడు వేశాను. తెల్లవారేసరికి అది పుల్లగా అయింది. అవ్వ నవ్వి, "పాలకు వాసన చూపిస్తే చాలు పాపా. తక్కిన పని అదే చేసుకుంటుంది" అన్నది. ఎండాకాలంలో అర చెంచా చాలనీ, చలికాలంలో కొంచెం ఎక్కువ వేసి గురిగికి పాత గుడ్డ చుట్టాలనీ చెప్పింది. ఎందుకని అడిగితే, "మా అమ్మ అట్లా చెప్పింది" అన్నది. ఆమెకు కారణం తెలియదు. కానీ ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఒక రాత్రి నిద్ర పట్టక నేను గురిగి మూత తీసి చూశాను. అర్ధరాత్రి దాటింది. పాలు పాలలాగే ఉన్నాయి. తోడు వేయడం మరిచానేమోనని భయపడ్డాను. మళ్ళీ కొంత వేయబోతే అవ్వ పడుకొన్నచోటు నుంచే, "ముట్టవద్దు" అన్నది. తెల్లవారి చూస్తే పెరుగు కత్తితో కోసినట్లు తోడుకొని ఉంది. అర్ధరాత్రి వరకు ఏమీ జరగనట్లు ఉండి, ఆ కొద్ది గంటల్లోనే అంతా ఎట్లా జరిగిందో నాకు అర్థం కాలేదు.

ఈ ప్రశ్నకు జవాబు మూడేళ్ళ తరువాత దొరికింది. కానీ ఆ జవాబు దొరికే ముందు మా ఇంట్లో ఒక కష్టం వచ్చింది. దానిలో నా తప్పు కూడా ఉంది. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా అన్న పదో తరగతి చదువుతున్నాడు. మా ఇంట్లో అంతవరకు చదువుకొన్నది అతడు ఒక్కడే. సంక్రాంతి పోయిన తరువాత అతనికి జ్వరం పట్టుకొంది. దినదినానికీ ఎక్కువైంది. నాయన అతన్ని బస్సులో బళ్ళారికి తీసుకొనిపోయి చూపించాడు. టైఫాయిడ్ అని తేలింది. చెడిన నీళ్ళ వల్ల, చెడిన తిండి వల్ల ఈ రోగం వస్తుందని డాక్టరు చెప్పారట. పద్నాలుగు రోజులకు గొట్టం మాత్రలు ఇచ్చి, ఒక్క పూట కూడా మానవద్దని మరీ మరీ చెప్పి పంపారు. అమ్మా నాయనా పొద్దున్నే చేనికి పోవాలి. అవ్వకు చూపు తక్కువ. అందుకని వేళకు మాత్రలు ఇచ్చే పని నాకు ఒప్పగించారు.

నాలుగో రోజుకు జ్వరం దిగింది. అన్న లేచి కూర్చున్నాడు. గంజి తాగాడు, నవ్వాడు. ఐదో రోజు నేను మాత్ర తీసుకొనిపోతే, "జ్వరమే లేదు కదా చెల్లీ, ఇంకా ఎందుకు? అవి మింగితే నోరంతా చేదు" అన్నాడు. నేను ఊరుకొన్నాను. మాత్రలను పారేయడానికి మనసు రాలేదు. ఒక పాత బలపాల డబ్బాలో వేసి, బియ్యం మూట వెనుక దాచాను. అమ్మ అడిగినప్పుడల్లా "ఇచ్చాను" అన్నాను.

అన్న మళ్ళీ పుస్తకాలు పట్టాడు. దీపం ముందు కూర్చొని చదువుతుంటే నాయన ముఖం వెలిగిపోయేది. సరిగ్గా రెండు వారాలు గడిచాయి. ఒకనాటి సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. మూడో నాటికి అన్న ఎవరినీ గుర్తుపట్టలేదు. పరీక్ష హాలులో ఉన్నట్లు ఏవో ప్రశ్నలకు జవాబులు చెప్పేవాడు. బండి కట్టి, అక్కడి నుంచి బస్సు ఎక్కించి, బళ్ళారి ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు అమ్మను, "మాత్రలన్నీ మింగాడా?" అని అడిగారు. "అన్నీ మింగాడు సార్, నా కూతురే ఇచ్చింది" అన్నది అమ్మ. నేను ఆమె కొంగు పట్టుకొని పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

అన్న బతికాడు. నెల రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చేసరికి పరీక్షలు జరిగిపోయాయి. మరుసటి ఏడు నాయనకు నడుం నొప్పి వచ్చి, చేను చూసుకొనేవాళ్ళు లేక, అన్న మళ్ళీ బడికి పోలేదు.

ఆ తరువాత నన్ను చదువు కోసం బళ్ళారిలో మా మామ ఇంట్లో ఉంచి, అక్కడి తెలుగు బడిలో చేర్పించారు. అక్కడి లెక్కల సారు ఒకనాడు నల్లబల్ల మీద ఒకటి అని రాసి, దాని కింద రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని రాస్తూ పోయారు. పదోసారి రెట్టింపు చేసేసరికి 1,024 వచ్చింది. ఇరవయ్యోసారికి 10,48,576. ముప్పయ్యోసారికి 107 కోట్లు దాటింది.

"సూక్ష్మజీవులు ఇట్లాగే పెరుగుతాయి. ఒకటి చీలి రెండవుతుంది, రెండూ చీలి నాలుగవుతాయి. అనువైన వేడి, తిండి ఉంటే కొన్ని రకాలు ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి" అని సారు చెప్పారు. తరువాత ఒక ప్రశ్న అడిగారు. "అర గంటకు ఒకసారి రెట్టింపయ్యే జీవులు ఒక గిన్నెలో ఉన్నాయి. తెల్లవారి ఐదు గంటలకు గిన్నె నిండింది. సగం ఎప్పుడు నిండి ఉంటుంది?"

కొందరు అర్ధరాత్రి అన్నారు. ఒక పిల్ల మాత్రం "నాలుగున్నరకు" అన్నది. సారు మెచ్చుకొన్నారు. నాలుగున్నరకు సగం, నాలుగుకు పావు, మూడున్నరకు అందులో సగం. అట్లా వెనక్కి పోతే రెండు గంటలకు గిన్నెలో అరవై నాలుగో వంతు మాత్రమే ఉంటుంది. నాకు మా పెరుగు గురిగి గుర్తుకొచ్చింది. నేను మూత తీసి చూసిన అర్ధరాత్రి కూడా లోపల పని జరుగుతూనే ఉంది. అది కంటికి కనిపించేంత పెద్దది కాలేదు, అంతే. అవ్వ మాట కూడా అర్థమైంది. తోడు రెండింతలు వేస్తే పెరుగు సగం సమయంలో తోడుకోదు. ఒక్క రెట్టింపుకు పట్టే కాలం మాత్రమే కలిసివస్తుంది. అందుకే వాసన చూపిస్తే చాలు. చలికాలంలో ఒక్కో రెట్టింపుకు ఎక్కువసేపు పడుతుంది. అందుకే గుడ్డ చుట్టాలి.

నేను లేచి, "సార్, ఇట్లా రెట్టింపవుతూ పోతే పెరుగు గురిగి దాటి ఇల్లంతా నిండాలి కదా?" అని అడిగాను. సారుకు ఈ ప్రశ్న చాలా నచ్చింది. ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపయ్యే ఒక్క సూక్ష్మజీవి ఎక్కడా ఆగకపోతే, ఒక రోజులో డెబ్బై రెండుసార్లు రెట్టింపవుతుంది. కంటికి కనిపించని ఆ జీవి సంతానం బరువు మరునాటికి నాలుగు వేల టన్నులు దాటుతుంది. అట్లా ఎన్నడూ జరగదు. అంటే మన లెక్కలో ఏదో ఒకటి తక్కువైంది.

ఆ తక్కువైనదేమిటో సారు వివరించారు. పాలలో ఉన్న తిండి కొంతే. పైగా ఆ జీవులే తయారుచేసే పులుపు వాటికే అడ్డమవుతుంది. గిన్నెలో మొత్తం నూరు పాళ్ళకు చోటుంది అనుకుందాం. పెరుగుదల వేగం రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఇప్పుడున్న జీవుల సంఖ్య. రెండవది ఇంకా మిగిలిన చోటు. ఆ రెండింటినీ గుణించాలి. ఒక పాలు జీవులున్నప్పుడు 1ని 99తో గుణిస్తే 99. యాభై పాళ్ళు ఉన్నప్పుడు 50ని 50తో గుణిస్తే 2,500. తొంభై తొమ్మిది పాళ్ళు నిండినప్పుడు 99ని 1తో గుణిస్తే మళ్ళీ 99. మొదట పెంచేవాళ్ళు లేక పని నెమ్మది. చివర చోటు లేక పని నెమ్మది. నడుమ మాత్రం పరుగే పరుగు. దీన్ని గీతగా గీస్తే కింద పడుకొన్నట్లు మొదలై, నడుమ నిటారుగా లేచి, పైన మళ్ళీ చదునవుతుంది. సారు ఆ గీత గీసి, "ఇది గణిత నమూనా. బొమ్మ ఎద్దు అసలు ఎద్దు కాదు. అయినా దాన్ని చూసి కొమ్ములెక్కడ ఉంటాయో చెప్పవచ్చు. నమూనా కూడా అంతే" అన్నారు.

నేను పెద్దయి లెక్కల టీచరునైన తరువాత ఈ గీత చరిత్ర చదివాను. మనుషుల జనాభా పెరుగుదలకు ఇటువంటి సమీకరణాన్ని బెల్జియం దేశపు గణితవేత్త వెర్‌హుల్‌స్ట్ 1838లోనే రాశాడు. తరువాత లోకం దాన్ని మరిచిపోయింది. 1911లో మన దేశంలో పనిచేస్తున్న ఇద్దరు వైద్యులు సూక్ష్మజీవుల పెరుగుదల వేగం మీద ఒక గణిత పరిశోధనను ఎడింబరో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. ఒకరు ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన స్కాట్లండు వైద్యుడు మెక్‌కెండ్రిక్. మరొకరు ఎం. కేశవ పాయ్. ఉన్న జీవుల సంఖ్యను మిగిలిన తిండితో గుణించే ఆ లెక్కనే వారు రాశారు. సూక్ష్మజీవులను పెంచి, లెక్కపెట్టి, ఆ సంఖ్యలు గీతతో కలుస్తున్నాయేమో చూశారు. అమెరికాలో పెర్ల్, రీడ్ అనేవారు జనాభా విషయంలో ఈ సమీకరణాన్ని మళ్ళీ కనుగొన్నది 1920లో. వారికంటే తొమ్మిదేళ్ళ ముందే మన దేశపు వైద్యుడొకరు ఈ పనిలో పాలుపంచుకొన్నాడని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమైంది. అప్పటికి మన బళ్ళారి ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1953 అక్టోబరు 1న కదా మనం మైసూరు రాష్ట్రంలో కలిసింది!

మెక్‌కెండ్రిక్ అక్కడితో ఆగలేదు. సూక్ష్మజీవులను లెక్కపెట్టినవాడు రోగులను లెక్కపెట్టడానికి పూనుకొన్నాడు. కెర్‌మాక్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో అంటురోగాల గణితాన్ని ప్రకటించాడు. కెర్‌మాక్‌కు 1924లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో రెండు కళ్ళూ పోయాయి. అయినా ఆయన లెక్కలు మానలేదు. 1905-06లో బొంబాయిలో ప్లేగు వల్ల వారం వారం సంభవించిన మరణాలను వారు తమ గీతతో పోల్చి చూశారు. ఊరిలో ప్రతి ఒక్కరికీ రోగం వచ్చేదాకా అది ఆగదని మనం అనుకొంటాం. కానీ ఇంకా రోగం రానివారి సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే చాలు, అంటురోగం దానంతట అదే తగ్గుముఖం పడుతుందని వారి లెక్క చూపింది. 2020లో కరోనా వచ్చినప్పుడు టీవీలో రోజూ ఒక గీతను చూపేవారు. అది మాకు దూరపు చుట్టంలాగా కనిపించింది. ఆ గీతకు మూలం మా అవ్వ గురిగిలో కూడా ఉందని మా మనవరాలికి చెప్పాను.

మళ్ళీ ఆ రోజు తరగతికి వస్తాను. మరునాడు సారు తగ్గుదల గురించి చెప్పారు. సూక్ష్మజీవులు మందు తగలగానే ఒక్కసారిగా చచ్చిపోవు. ప్రతి గంటకో ప్రతి రోజుకో ఉన్నవాటిలో ఇంత వంతు అని చస్తూ పోతాయి. హారియెట్ చిక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1908లో క్రిమిసంహారక మందులతో ప్రయోగాలు చేసి ఈ సంగతి చూపించింది. సారు బల్ల మీద ఇట్లా రాశారు. ఒంట్లో నూరు కోట్ల క్రిములున్నాయి అనుకుందాం. మందు వల్ల రోజుకు పదిలో తొమ్మిది పాళ్ళు చస్తాయి. మొదటి రోజు తరువాత పది కోట్లు. రెండో రోజుకు ఒక కోటి. మూడో రోజుకు పది లక్షలు. నాలుగో రోజుకు ఒక లక్ష.

నాలుగో రోజు అన్న మాట వినగానే నా చేయి ఆగిపోయింది. నూరు కోట్లలో లక్ష అంటే పదివేలలో ఒక వంతు. రోగికి జ్వరం ఉండదు, ఆకలి వేస్తుంది, నవ్వుతాడు. కానీ లోపల లక్ష మిగిలే ఉన్నాయి. సారు ఇంకా రాస్తూనే ఉన్నారు. "ఇక్కడ మందు మానేశాడు అనుకోండి. మిగిలిన క్రిములు రోజుకు ఒక్కసారి మాత్రమే రెట్టింపైనా ఎన్ని రోజులకు మళ్ళీ నూరు కోట్లు దాటుతాయి?" అందరూ లెక్క వేశారు. నేను కూడా వేశాను. పదమూడో రోజుకు దాదాపు ఎనభై రెండు కోట్లు. పద్నాలుగో రోజుకు నూట అరవై కోట్లకు పైగా.

పద్నాలుగు రోజులు. రెండు వారాలు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బడి వదిలిన తరువాత సారు దగ్గరకు పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇవి నేను అనుకొన్న అంకెలమ్మా. ఒంటికి కూడా రోగాన్ని ఎదిరించే శక్తి ఉంటుంది. ఒకరి ఒంట్లో జరిగినట్లు మరొకరి ఒంట్లో జరగదు. మీ అన్నకు సరిగ్గా ఇట్లాగే జరిగిందని ఈ లెక్క చెప్పలేదు. కానీ మందు ఎందుకు మానకూడదో మాత్రం చెబుతుంది" అన్నారు. నేను ఒక సందేహం అడిగాను. "తొమ్మిదో రోజుకు ఒక్క క్రిమి మిగులుతుంది. పదో రోజుకు అందులో పదో వంతు ఎట్లా మిగులుతుంది సార్?" ఆయన చిన్నగా నవ్వి, "అటువంటి రోగులు పదిమంది ఉంటే వారిలో ఒకరి ఒంట్లో ఒకటి మిగలవచ్చు అని అర్థం. ఆ ఒక్కరు ఎవరో మనకు తెలియదు. అందుకే డాక్టరు ఇంకా కొన్ని రోజులు చేర్చి చెబుతారు" అన్నారు.

ఆ శనివారం ఊరికి పోయి, బియ్యం మూట వెనుక నుంచి బలపాల డబ్బా తీసి నాయన ముందు పెట్టాను. అమ్మ మాత్రలను చూసి, నన్ను చూసి, గోడకు ఆనుకొని కూర్చున్నది. అన్న ఒక్కడే మాట్లాడాడు. "చెల్లి తప్పేమీ లేదు. నేనే వద్దన్నాను" అన్నాడు. నాయన డబ్బా మూసి, తీసి అటక మీద పెట్టాడు. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని చాలా రోజులు అనిపించింది.

ఆనాటి నుంచి మా ఇంట్లో చెలమ నీళ్ళు కాచకుండా ఎవరూ తాగలేదు. నీళ్ళు తెర్లేదాకా కాచాలని అన్నే పట్టుబట్టేవాడు. ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి. వరి, మిరప పండిస్తాడు. ఇంట్లో ఎవరికి మందులు తెచ్చినా, కళ్ళద్దాలు పెట్టుకొని మాత్రలు ఎన్ని మింగారో, ఎన్ని మిగిలాయో లెక్కపెడతాడు. డాక్టరు చెప్పిన రోజు రాకముందే ఎవరైనా, "బాగైంది కదా" అంటే ఒప్పుకోడు. "బాగైనట్లు కనిపించింది, అంతే" అంటాడు. బడిలో చదవకపోయినా ఆ లెక్క ఆయనకు నాకంటే బాగా తెలుసు.

మా అవ్వ ఎన్నడూ గురిగి పూర్తిగా తుడిచేది కాదు. అడుగున ఒక చెంచా పెరుగు తప్పక ఉంచేది. మరునాటికి అదే తోడు. ఆ ఒక్క చెంచా ఉన్నంతవరకు పెరుగు ఇంటికి మళ్ళీ వస్తుంది. రోగం సంగతీ అంతే. కొంచెం మిగిలినా అది మళ్ళీ వస్తుంది. ఎక్కడ ఆ కొంచెం మిగుల్చుకోవాలో, ఎక్కడ మిగల్చకూడదో తెలుసుకోవడానికే ఈ లెక్క.

నేను ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు మొదట నల్లబల్ల మీద ఏమీ రాసేదాన్ని కాదు. ముందు రోజు సాయంత్రం ఒక గురిగి పాలు, ఒక చెంచా తోడు తెచ్చి, ఒక పిల్ల చేత వేయించేదాన్ని. మరునాడు పొద్దున్నే అందరూ చుట్టూ చేరి మూత తీసేవాళ్ళు.